మదీరా పులుసు

మొగుడు నమిలే చప్పుడు వినడం వైశాలికి ఉద్యోగంగా మారి మూడేళ్ళవుతోంది. జీతం లేదు, సెలవు లేదు, పైగా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మరీ వినాలి.

ఆ సోమవారం పొద్దున కూతురు మైత్రిని కీటాలో, అంటే ఇక్కడి పసిపిల్లల బడిలో దింపేసి, తడిసిన గొడుగు స్నానాల గదిలో ఆరేసి, లాప్‌టాప్ ముందు కూర్చుంది. జూన్ వచ్చినా జర్మనీలోని ఈ కెమ్నిట్జ్ ఊరిని వాన వదల్లేదు. తెర మీద మాత్రం లిస్బన్‌లో ఎండ దంచేస్తోంది. ఆ ఎండలో, వీధి పక్కన వేసిన బల్ల దగ్గర, నీలం చొక్కా తొడుక్కుని కౌశల్ నత్తలు తింటున్నాడు.

ఉడకబెట్టిన నత్తలు, పళ్ళెం నిండా. పుల్లతో గుచ్చి లాగుతుంటే ఒక్కోటీ సాగి సాగి బయటికొస్తోంది. నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "అబ్బబ్బబ్బ! ఏముందిరా బాబూ!" అన్నాడు. ఆ తర్వాత గుల్లలో మిగిలిన రసం జుర్రాడు. ఆ జుర్రడమేదో వైశాలి చెవి లోపలే జరిగినట్టుంది. "ఛీ!" అంది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పైకే అంది. అని, మళ్ళీ వెనక్కి తిప్పింది. పని కదా, మళ్ళీ వినాలి.

'విస్తరి విహారం' అని వాళ్ళ చానల్. కౌశల్ ఇక్కడ కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజినీరు. సెలవు దొరికితే ఊళ్ళు తిరిగి తింటాడు, తింటూ కెమెరాతో మాట్లాడతాడు. ఆ తిండినంతా కోసి, అతికించి, మధ్య మధ్య తన గొంతుతో కబుర్లు చెప్పేది వైశాలి. "అక్కా, అన్న తిండి కోసం కాదు, మీ మాట కోసం చూస్తాం" అని రాసేవాళ్ళు బోలెడుమంది. ఆ మాట కౌశల్‌కి రుచించదు గానీ, కామెంట్లు కామెంట్లే కదా అని ఊరుకుంటాడు.

పోర్చుగల్‌కి అసలు ముగ్గురూ వెళ్ళాలి. లిస్బన్, పోర్టో, అటునుంచి సముద్రంలోని దీవులు, మెల్లగా, హడావిడి లేకుండా. బయల్దేరే ముందు కీటా వాళ్ళు ఫోన్ చేసి పిల్లకి విండ్‌పోకెన్ అన్నారు. ఆటలమ్మ. "నేనూ ఆగిపోతే మూడు టికెట్లూ వేస్టే కదే" అని కౌశల్ ఒక్కడే వెళ్ళాడు. అతను అక్కడ గుడ్డుసొన నింపిన బుల్లి కేకులు తింటుంటే, ఇక్కడ వైశాలి పిల్ల ఒళ్ళు గోక్కోకుండా చేతులు పట్టుకుని కూర్చుంది. దానికి ఆమెకేం కోపం లేదు. కోపం వేరే చోట ఉంది. ఆ మూతి దగ్గర.

అన్నిటికన్నా ఘోరం పోర్టో. కోడినెత్తురు పోసి వండిన అన్నం అక్కడి గొప్ప వంటట. నల్లగా, చిక్కగా, బురదలా ఉంది. చెంచా పక్కన పడేసి, "మనం మన స్టైల్లో లాగిద్దాం ఫ్రెండ్స్" అని కౌశల్ చేత్తో కలిపాడు. వేళ్ళ సందుల్లోంచి కారింది. మోచేతి దాకా వచ్చిన చుక్కని నాలుక చాపి అందుకున్నాడు. అది క్లోజప్‌లో ఉండాల్సిందే. "క్లోజప్ లేకపోతే జనం పక్క వీడియోకి పోతారే" అంటాడు.

నోరూరించే నమలడం వేరు, కడుపులో తిప్పే నమలడం వేరు. మొదటిది మనిషికి పుట్టుకతో రాదు. నాలుక అతుక్కుని విడిపోయే చప్పుడు తీసేయాలి, మింగేటప్పుడు గొంతులో వచ్చే గుటక తీసేయాలి, ముక్కుతో వదిలే ఊపిరి తీసేయాలి. అవన్నీ తీసేసి, వెనక సన్నగా వీణ పెడితే, అప్పుడు కౌశల్ తిండి కమ్మగా ఉంటుంది. ఒకసారి మైత్రి పక్కన నిలబడి చూసి, "మామా, పాపా ష్మట్స్ట్!" అని ముక్కు మూసుకుంది. అమ్మా, నాన్న చప్పుడు చేస్తూ తింటున్నాడని, జర్మన్‌లో. వాళ్ళ కీటాలో అలా తింటే పక్కవాళ్ళు ఊరుకోరు.

మధ్యాహ్నం చానల్ ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కుర్ర గొంతు, వెనక గిన్నెల చప్పుడు.

"అక్కా, నమస్తే అక్కా. నేను ఆమోసుని. మదీరా నుంచి. అన్న మా రెస్టారెంటుకి వచ్చారు కదా, పులుసు డబ్బాలో కట్టిచ్చాను. తిన్నారా అక్కా అన్న? చింతపండు కొత్తది, పులుపెక్కువైందేమో అనుకున్నాను. వీడియో శుక్రవారం వస్తుందని అన్న చెప్పారు. మా అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పేసింది. అంతే అక్కా. ఉంటాను."

మదీరా దీవి ఫైళ్ళు వైశాలి ఇంకా తెరవనే లేదు. అయినా ఇలాంటివి రోజుకి ఎన్నో. బొటనవేలు దానంతటదే కదిలింది. "సూపర్‌గా ఉంది తమ్ముడూ! అన్న గిన్నె కూడా నాకేశారు." పక్కన రెండు ఎర్ర గుండెలు పెట్టి పంపేసి, పోర్టోలో అన్న మోచేతి దగ్గరికి తిరిగొచ్చింది.

మంగళవారం మదీరా తెరిచింది.

మొదట కళ్ళకి హాయిగానే ఉంది. కొండల మీంచి కిందికి జారుతున్న అరటితోటలు, ఎర్ర పెంకుల ఇళ్ళు, రేవులో రంగురంగుల పడవలు. గోడకి అవతలే సముద్రం, గోడకి ఇవతల బల్లలు. కౌశల్ కూర్చుని రాతి మీద పెరిగే గుల్లచేపలు వెల్లుల్లీ వెన్నా వేసి చెయ్యమన్నాడు. అవి వచ్చేలోగా వంటగది తలుపు తీసుకుని ఒకతను పరుగులాంటి నడకతో వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటున్నాడు, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంటున్నాడు.

"అన్నా! విస్తరి విహారం కౌశలన్న కదా మీరు! గొంతు విని గుర్తుపట్టానన్నా. నేను ఆమోసుని, లోపల చేపలు శుభ్రం చేస్తాను."

కౌశల్ లేచి అతని భుజం చుట్టూ చెయ్యేశాడు. "చూశారా ఫ్రెండ్స్! సముద్రం మధ్యలో కూడా మనోడే!" అని కెమెరాని ఇద్దరి మీదికీ తిప్పాడు. ఆమోసు నవ్వాడు. అట్లాంటి నవ్వు వైశాలి ఆ పదిహేను రోజుల ఫైళ్ళలో ఎక్కడా చూడలేదు. లోపలికి పోయి ఒక గిన్నె పట్టుకొచ్చాడు. "మా స్టాఫ్ కోసం వండుకున్నానన్నా. ఇక్కడి నల్ల చేప, మన చింతపండు. కొంచెం రుచి చూడండి."

"వాసనే చంపేస్తోంది తమ్ముడూ! ఏ ఊరు మనది?"

"ఆకివీడు దగ్గరన్నా. కొత్తమెరక."

"కొత్తమెరకా! ఓరి నీ! మా మేనత్త వాళ్ళది అక్కడేరా! మాది భీమవరం. ఎవరి తాలూకు నువ్వు? ఇంటిపేరేంటి?"

ఆమోసు చెప్పాడు. కౌశల్ ఒక క్షణం ఆలోచించాడు. "ఆ పేరు వినలేదే. రామాలయం వీధిలోనా?"

"కాదన్నా. పేటలో. చర్చి పక్క ఇల్లు."

భుజం మీది చెయ్యి దిగింది.

వైశాలి ఆపింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది. నవ్వు అలాగే ఉంది, మాట అలాగే ఉంది, చెయ్యి మాత్రం దిగింది. దిగి, జేబులోకి పోయింది.

"అలాగా, మంచిది మంచిది. ఇప్పుడే ఫుల్‌గా తిన్నాను తమ్ముడూ. పొట్టలో చోటు లేదు. డబ్బాలో కట్టెయ్, హోటల్‌కెళ్ళి ప్రశాంతంగా తింటా."

ఆమోసు గిన్నె పట్టుకుని లోపలికెళ్ళాడు. అతనటు వెళ్ళగానే వెయిటరమ్మ గుల్లచేపలు తెచ్చిపెట్టింది. పొట్టలో చోటు లేని మనిషి వాటన్నిటినీ తిన్నాడు. ఒక్కో గుల్లనీ పెదాలకి ఆనించి పీల్చాడు. పెనంలో మిగిలిన వెన్నని కూడా రొట్టెతో తుడిచి తిన్నాడు.

ఇంకో ఫైలుంది. అది ఛాతీకి కట్టుకునే చిన్న కెమెరాది. నడుస్తూ తీయడానికి పెట్టుకుంటాడు, తరచూ ఆపడం మర్చిపోతాడు. ఆ ఫైళ్ళలో సాధారణంగా పనికొచ్చేదేమీ ఉండదు, నేలా కాళ్ళూ తప్ప. వైశాలి అలవాటుగా దాన్ని వేగంగా తిప్పేస్తోంది. గోడ వారగా నడక. కుడిచేతిలో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. గోడ చివర చెత్తబుట్ట. నడక ఆగింది. ఎడమచెయ్యి బుట్ట మూత ఎత్తింది. కుడిచెయ్యి డబ్బాని లోపలికి వదిలింది. తర్వాత సంచీలోంచి తడి టిష్యూ ఒకటి బయటికొచ్చింది. వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు, గోళ్ళ దాకా. తుడుచుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

నెత్తురన్నం తిన్నప్పుడు ఆ వేళ్ళని నాకాడు. ఇప్పుడు తుడుచుకుంటున్నాడు.

వైశాలి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. నత్తల దగ్గర కూడా వాటిని తియ్యలేదు. చానల్ ఫోన్ తీసి నిన్న తను పంపింది చదువుకుంది. "అన్న గిన్నె కూడా నాకేశారు." కింద ఆమోసు పెట్టిన దండం గుర్తు. ఇంకేం లేదు.

సాయంత్రం కౌశల్ వచ్చి, బూట్లు విప్పి, మైత్రిని ఎత్తుకుని వంటింట్లోకొచ్చాడు.

"ఏమే, మదీరా అయిందా?"

"అవుతోంది బావా. ఆ అబ్బాయి పులుసు ఎలా ఉంది?" వైశాలి ఉల్లిపాయ తరుగుతూనే అడిగింది.

"సూపర్." కన్ను కూడా ఆర్పలేదు. "అది మెయిన్ సీను. 'అట్లాంటిక్ మధ్యలో మన పులుసు' అని థంబ్‌నెయిల్ పెట్టు. దంచేస్తుంది."

"తింటున్న షాటు లేదుగా."

"హోటల్లో తిన్నా కదే, కెమెరా చార్జింగ్‌లో ఉంది. పోర్టోలో అన్నం తిన్నది పెట్టెయ్. చొక్కా ఒకటేగా. రంగు కొంచెం ఎర్రగా మార్చావంటే పులుసన్నమే. పైన నీ గొంతు వేసెయ్, 'మన తమ్ముడి చేతి పులుసు' అనీ గట్రా. నువ్వు చెప్తే ఎవడైనా నమ్ముతాడు."

"ఛాతీ కెమెరా ఆన్‌లోనే ఉంది బావా."

కౌశల్ మైత్రిని కిందికి దించాడు. పిల్ల పక్కగదిలోకి పరుగెత్తింది. అతను ఫ్రిజ్ తెరిచి నీళ్ళ సీసా తీసి, తాగి, మూత పెట్టాడు.

"అయితే?"

"చెత్తబుట్టలో వేశావు."

"ఏదో వేశాలే. ఎప్పుడు వండిందో ఏంటో. పాడైపోయుంటుంది."

"మూత తీసి చూడకుండానే పాడైందా? లిస్బన్‌లో ఆ నత్తల్ని ఎవరు కడిగారో అడిగావా? పోర్టోలో ఆ నెత్తురన్నం వండినవాళ్ళ ఇంటిపేరు అడిగావా?"

"వాళ్ళు వేరు!" కౌశల్ నవ్వేశాడు. కోపం రాలేదు, అదే ఘోరం. "నీకు తెలీనట్టు మాట్లాడతావేంటే? మీ నాన్న తినేవాడా? పోనీ నువ్వు? కిందటేడు మన ఇంటికి వండి పంపే అమ్మాయి కోసం వెతికినప్పుడు, మొదట ఏం అడిగావు ఫోన్లో? నేను పక్కనే ఉన్నాగా."

వైశాలి కత్తి ఆగింది. ఆమె అడిగింది నిజమే. మొదట ఊరు అడిగింది, తర్వాత ఇంటిపేరు అడిగింది. మాటవరసకి అడిగినట్టే అడిగింది. అందరూ అలాగే అడుగుతారు.

"ఆ ఫైలు డిలీట్ చేసెయ్" అన్నాడు కౌశల్, ఆవిడ ముఖం చూసి జాలిపడినట్టుగా. "ఎవడికీ నష్టం లేదే పిచ్చిదానా. వాడికీ వీడియోలో కనిపించినట్టుంటుంది. పండగ చేసుకుంటాడు."

బుధవారం పొద్దున వైశాలి, కౌశల్ చెప్పినట్టే చేసింది. ఎందుకు చేసిందో తనకే తెలీదు. చెయ్యి అలవాటు పడింది, అంతే. ఆమోసు గిన్నె తెచ్చే చోట కోసి, దాని వెనక పోర్టో అన్నం అతికించింది. నలుపులోకి ఎరుపు ఎక్కించింది. వెనకాల గోడ కనిపించకుండా మొహం మీదికి దగ్గర చేసింది, అలల చప్పుడు పరిచింది. కోడినెత్తురు కాస్తా చింతపండు పులుసైపోయింది. అతుకు ఎక్కడా దొరకదు. బాబోయ్, ఎంత బాగా కుదిరిందో! కళ్ళు మూసుకుని కౌశల్ "అబ్బబ్బబ్బ" అంటుంటే, ఎదురుగా ఆమోసు చేతులు కట్టుకుని సంతోషంగా చూస్తున్నాడు.

గొంతు రికార్డు చేసేది బట్టల అలమరలో. చలికోట్ల మధ్య తల దూర్చి మాట్లాడితే గది మోత రాదు. మైకు పట్టుకుని లోపలికి దూరింది. ఆ మాటలు నోటికి రావేమో అనుకుంది. ఒక రకంగా అలాగే జరగాలని కోరుకుంది. "దేశం కాని దేశంలో, మన తమ్ముడి చేతి పులుసు. ఆ పులుపులో మా అమ్మ గుర్తొచ్చిందంటే నమ్మండి" అంది. గొంతు ఎక్కడా తడబడలేదు. మొదటిసారికే అద్భుతంగా వచ్చింది. చివర్లో ఆ చిన్న వణుకు కూడా ఎక్కడ పడాలో అక్కడే పడింది.

కోట్ల మధ్యనే అలా కూర్చుండిపోయింది. కౌశల్ నోటి చప్పుడు ఎంత రోతగా ఉండేదో, తన నోటి మాట అంతకు పదింతలు రోతగా ఉంది. ఆ చప్పుడైనా నిజమైన చప్పుడే.

అలమరలోంచి బయటికొచ్చి ఆమోసుకి ఫోన్ చేసింది.

"అక్కా! ఒక్క నిమిషం, చేతులు కడుక్కుని వస్తా." నీళ్ళ చప్పుడు, తలుపు చప్పుడు, తర్వాత గాలి. "చెప్పండక్కా."

"తమ్ముడూ... సోమవారం నేను పంపిన మెసేజీ... అది అబద్ధం. మీ అన్న ఆ పులుసు తినలేదు."

అటునుంచి గాలి మాత్రం వినిపిస్తోంది.

"ఉన్నావా ఆమోసూ?"

"ఉన్నానక్కా. తెలుసక్కా."

"తెలుసా?"

"ఆ గోడ వార బుట్టలు సాయంత్రం పూట తీసేది నేనేనక్కా. పైనే ఉంది డబ్బా. మూత కూడా తియ్యలేదు." అతని గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. "ఇంటిపేరు చెప్పినప్పుడే అనుకున్నాను. చిన్నప్పట్నుంచి చూస్తూనే ఉన్నాం కదక్కా. ఇక్కడికొచ్చాక కొంచెం అలవాటు తప్పింది, అంతే. ఇక్కడ ఎవరూ అడగరు. మా ఓనరు నా పళ్ళెంలోంచే తీసుకుని తింటాడు."

"మరి తిన్నారా అని ఎందుకడిగావు తమ్ముడూ?"

"చేపలు కడిగేటప్పుడు మీ వీడియోలే పెట్టుకుంటానక్కా. చూడ్డానికి కుదరదు, విని ఊరుకుంటా. మీ గొంతే. అన్న అలా చేశారు గానీ, అక్క అలా ఉండదులే అనుకున్నా. నిజం చెప్తారేమో అని అడిగా."

"అప్పటికి నాకు తెలీదు ఆమోసూ! ఒట్టు! ఆ ఫైలు నేను చూడనే లేదు. చూడకుండానే పంపేశాను."

"చూడకుండానేనా?" ఆమోసు చిన్నగా నవ్వాడు. "అయితే అందరికీ అదే పంపిస్తారన్నమాట."

వైశాలి కిటికీ దగ్గరికి నడిచింది. కింద వాకిట్లో పక్కింటి ముసలాయన వానలోనే చెత్తడబ్బాలు రోడ్డు మీదికి లాగుతున్నాడు.

"ఆ వీడియో నేను పెట్టను తమ్ముడూ."

"పెట్టుకోండక్కా. అన్న అంత తిరిగారు. నన్ను తీసెయ్యండి చాలు. నా ముఖం, నా మాట, ఆ గిన్నె, ఏదీ వద్దు."

"మీ అమ్మ అందరికీ చెప్పిందన్నావు..."

"అందుకేనక్కా." ఇప్పుడు మొదటిసారి అతని గొంతు గరుకైంది. "అన్న నా భుజం మీద చెయ్యేస్తారు కదా అందులో. అది చూసి మా అమ్మ మురిసిపోతుంది. భీమవరం వాళ్ళు మావాడి చేతి వంట తిన్నారని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్తుంది. ఏడుస్తూ చెప్తుంది, నాకు తెలుసు. అది నాకొద్దు. కరెంటు పోయి వీడియో పోయిందని ఏదో చెప్పుకుంటాలే."

"క్షమించు ఆమోసూ" అంది వైశాలి. ఆ మాట తన గొంతులోంచి చాలా అందంగా వచ్చింది. అలా రావడం ఆమెకే నచ్చలేదు.

"పర్లేదక్కా. ఫోన్ చేసి చెప్పారు, అది చాలు. ఈ నంబరు తీసేస్తానక్కా, ఏమీ అనుకోకండి. చానల్ కూడా. ఇంక ఆ గొంతు వింటుంటే పని సాగదు నాకు." లోపల్నుంచి ఎవరో పోర్చుగీసులో పిలిచారు. అతనేదో బదులిచ్చాడు, హుషారుగా, వేరే మనిషిలా. "వెళ్తానక్కా. పాపకి తగ్గిందా? మొన్న వీడియోలో చెప్పారు ఆటలమ్మని. వేపాకు దొరకదు కదా మీకక్కడ. జాగ్రత్త."

ఫోన్ పెట్టేశాడు.

మధ్యాహ్నమంతా వైశాలి ఆమోసుని తీసేసింది. పరుగులాంటి నడక తీసేసింది, తుడిచిన చేతులు తీసేసింది, ఆ నవ్వు తీసేసింది. పోర్టో అన్నం తిరిగి పోర్టోకి పంపేసింది. రంగు తుడిచేస్తే మళ్ళీ నల్లబడింది. ఆమోసు పోయిన చోట రెండు ముక్కల్నీ దగ్గరికి జరిపితే చక్కగా అతుక్కున్నాయి. పడవలు, గోడ, వెంటనే గుల్లచేపలు. అక్కడ ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ తట్టదు. తర్వాత అలమరలో చెప్పినవీ, అంతకుముందు చెప్పినవీ, లిస్బన్ మొదలు మదీరా దాకా తన గొంతు ఉన్న ముక్కలన్నీ ఒక్కొక్కటే నొక్కి తీసేసింది. మిగిలింది కౌశల్, అతని తిండి.

సాయంత్రం కౌశల్ భోజనం బల్ల దగ్గరే లాప్‌టాప్ పెట్టుకుని చూశాడు. మైత్రి సోఫా మీద బొమ్మలు అంటించుకుంటోంది. వైశాలి అన్నం, పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"నీ వాయిస్ ఏది?"

"లేదు. ఇంక నేను చెప్పను బావా. నువ్వు తిన్నది నువ్వే చెప్పుకో."

"అలిగావా! సరే, రేపు చూద్దాంలే." అతనికి ఇలాంటివి అలవాటే. ముద్ద కలుపుకుంటూ ముందుకి తిప్పాడు. "ఇదేంటి, పులుసు ఏది? ఆ కుర్రాడేడి?"

"తీసేశాను. ఆ అబ్బాయే వద్దన్నాడు."

"ఎవరు?"

"ఆమోసు. తన ముఖం మన వీడియోలో వద్దన్నాడు. డబ్బా బుట్టలో దొరికిందట."

డబ్బా సంగతి కౌశల్ చెవికెక్కలేదు. ముద్ద చేతిలోనే ఉంది. "వాడు వద్దనడమేంటి?" అన్నాడు. నిజంగా అర్థం కాలేదు అతనికి. "మన వీడియోలో కనిపించాలని జనం చచ్చిపోతారు. వాడు వద్దన్నాడా? చేపలు కడుక్కునేవాడు? వాడెవడే వద్దనడానికి?"

"నంబరు కూడా తీసేశాడు."

కౌశల్ ముఖం మెల్లగా ఎర్రబడింది. మూడేళ్ళలో కామెంట్లలో ఎవరెన్ని తిట్టినా ఎర్రబడని ముఖం అది. ముద్దని పళ్ళెంలోకి వదిలేశాడు. చెయ్యి కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేకుండా అలా చూస్తూ కూర్చున్నాడు.

"వాడు నన్ను వద్దన్నాడా?"

"నిన్నొక్కణ్ణే అయితే నేను హాయిగా నవ్వుకునేదాన్ని బావా" అంది వైశాలి. "నన్ను కూడా వద్దన్నాడు."